పచ్చికలో కలుపు, తోటలో నత్తలు: పెంపుడు జంతువులకూ పక్షులకూ హాని లేకుండా అదుపు చేయడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిన పది పదిహేను రోజులకే తెలుగు ఊళ్లలో పెరటి తోటలు పెంచుకునేవారికి రెండు బెడదలు ఒకేసారి మొదలవుతాయి. లాన్‌లో తుంగ లేస్తుంది, కుండీల చుట్టూ నత్తలు తేలుతాయి. వెంటనే ఎరువుల కొట్టుకు వెళ్లి ఏదో ఒక మందు తెచ్చి చల్లేయడం చాలా ఇళ్లలో జరుగుతున్న పని. ఆ ఇంట్లోనే ఒక కుక్కపిల్లో, పిల్లో, గోడ మీద ఉడుతో, తొట్టిలో నీళ్లు తాగడానికి వచ్చే పిచ్చుకలో ఉంటాయన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. కలుపు వల్ల, నత్త వల్ల ఈ ప్రాణులకు జరిగే హాని కొద్దిపాటిదే. ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు మనం వేసే మందుతోనే. అందుకే ఈ ప్రశ్నలనూ జవాబులనూ ఒకచోట చేర్చాను.

మా తోటలో కనిపించే నత్తలన్నీ ఆఫ్రికా నత్తలేనా? అన్నిటినీ ఏరిపారేయాలా?

కాదు. తోటను నాశనం చేసేది ముఖ్యంగా ఒకటే జాతి, అది ఆఫ్రికా పెద్ద నత్త. దాని గుల్ల ఒక కొసకు సన్నబడుతూ శంఖంలా పొడవుగా ఉంటుంది, లేత గోధుమ రంగు మీద ముదురు చారలు నిలువునా కనిపిస్తాయి. బాగా ఎదిగినది అరచేతిలో పట్టనంత ఉంటుంది. గుల్ల 10 సెంటీమీటర్లు ఉండటం మామూలే, కొన్ని 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. మన నేలకు చెందిన నత్తలు చాలావరకు చిన్నవి. వాటిలో అనేకం బిళ్లలా అణిగిన గుల్లతో, రాలిన ఆకుల కింద కుళ్లిన పదార్థాన్ని తింటూ బతుకుతాయి. వాటివల్ల మొక్కలకు లెక్కలోకి వచ్చే నష్టం ఉండదు, మట్టికి మేలు కూడా జరుగుతుంది. వాటిని వదిలేయండి.

ఈ పెద్ద నత్త మన దేశానికి తనంతట తాను రాలేదు. 1847లో విలియం బెన్సన్ అనే ఆంగ్లేయుడు మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలోని ఒక తోటలో వదిలాడు. ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి కాబట్టి జతకట్టిన రెండు నత్తలూ గుడ్లు పెట్టగలవు, అదీ ఒక్కో విడతకు వంద నుంచి కొన్ని వందల వరకు. అందువల్ల వానాకాలం మొదట్లో పట్టిన ఒక్క నత్త కార్తికమాసంలో పట్టే యాభై నత్తలతో సమానం.

మందు లేకుండా వాటిని ఎలా పట్టాలి?

చేతితో ఏరడాన్ని మించిన పద్ధతి ఇంటి తోటకు లేదని నా నమ్మకం. దానికి ఓపికతో పాటు వేళ తెలియాలి. వాన కురిసి వెలిసిన రాత్రి ఎనిమిది తర్వాత టార్చి పట్టుకుని బయటికి రండి. ముందు కాంపౌండు గోడ మొదలు చూడండి. సున్నం వేసిన గోడ మీద పాకుతూ, నాలుకతో గీకుతూ ఉండే నత్తలు అక్కడే కనిపిస్తాయి. గుల్ల కట్టుకోవడానికి వాటికి కాల్షియం కావాలి, అందుకే సున్నపు గోడనూ సిమెంటునూ గీకుతాయి. చెవి ఒగ్గి వింటే సన్నగా గరగరమనే చప్పుడు కూడా వినిపిస్తుంది. తర్వాత కుండీల అడుగు, నీళ్ల ట్యాంకు నీడ, అరటి బోదెల మధ్య సందులు, బొప్పాయి మొదలు, పేర్చి పెట్టిన ఇటుకల వెనుక చూడాలి.

రాత్రి తిరగలేనివారు సాయంత్రమే తడిపిన గోనెసంచిని తోట మూలన పరిచి, దాని కింద నాలుగు బొప్పాయి ఆకులో క్యాబేజీ పైరేకులో ఉంచాలి. తెల్లారేసరికి నత్తలు దాని కిందికి చేరి ఉంటాయి. ఎండ రాకముందే సంచి ఎత్తి ఏరుకోవాలి. ఇలా కనీసం మూడు నాలుగు వారాలు ఆపకుండా చేయాలి. వారం చేసి వదిలేస్తే, ఈలోపు పొదిగిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మళ్లీ తోటను నింపేస్తాయి. వదులుగా ఉన్న తడి మట్టిని పైపైన కదిపి చూస్తే లేత పసుపు రంగులో జొన్నగింజ కంటే కాస్త పెద్దవైన గుడ్లు కుప్పగా కనిపిస్తాయి. ఒక్క కుప్ప దొరికినా అది ఎన్నో రాత్రుల పని తగ్గించినట్లే.

ఏరేటప్పుడు చేతికి తొడుగులు తప్పనిసరి. ఈ నత్తలలో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లదశలు ఉండవచ్చు. అవి నోటి ద్వారా మనిషి శరీరంలోకి చేరితే మెదడు పొరల వాపు వస్తుంది. కుక్కకూ ఇదే ప్రమాదం ఉంది కాబట్టి నత్తలను నోట కరచుకుని ఆడే కుక్కపిల్లను ఆ వేళల్లో ఇంట్లోనే ఉంచండి. తోటలోంచి కోసిన ఆకుకూరలను ధారగా పారే నీళ్లలో కడిగి, ఉడికించే తినాలి.

ఏరిన నత్తలను ఏం చేయాలి?

పక్క ఖాళీ స్థలంలోకి విసిరేయకండి, కాలువలోనూ వేయకండి. అవి తిరిగి వస్తాయి, లేదా ఇంకొకరి తోటకు చేరుతాయి. చాలామంది బకెట్టు నీళ్లలో ఉప్పు బాగా కలిపి అందులో వేస్తారు. ఉప్పునీళ్లలో చావు నెమ్మదిగా వస్తుంది కాబట్టి నేను మరిగే నీళ్లనే వాడతాను, క్షణాల్లో అయిపోతుంది. ఏది వాడినా బకెట్టుకు మూత ఉండాలి. ఉప్పునీళ్ల బకెట్టు మూత లేకుండా వరండాలో ఉంటే దాహంతో ఉన్న కుక్క తాగుతుంది, ఎక్కువ ఉప్పు దానికి విషమే. చనిపోయిన నత్తలను అడుగున్నర లోతు గుంటలో వేసి, పైన కొంచెం సున్నం చల్లి, మట్టి కప్పి, బరువుగా ఒక రాయి పెట్టాలి. రాయి లేకపోతే మరుసటి రోజే కుక్క తవ్వుతుంది.

కొట్లో ఇచ్చిన నత్తల మందు గుళికలు చల్లవచ్చా?

కుక్క గాని పిల్లి గాని తిరిగే తోటలో చల్లకూడదన్నది నా నిశ్చితమైన అభిప్రాయం. మన దగ్గర నత్తల మందు పేరుతో అమ్మే గుళికల్లో చాలావరకు ఉండేది మెటాల్డిహైడ్, సాధారణంగా 2.5 శాతం. నత్తను ఆకర్షించడానికి తవుడు, బెల్లపు మడ్డి వంటివి కలిపి తయారు చేస్తారు కాబట్టి ఆ గుళికల వాసన, రుచి కుక్కకు కూడా నచ్చుతాయి. కుక్క శరీర బరువులో కిలోకు 100 మిల్లీగ్రాముల మెటాల్డిహైడ్ కూడా ప్రాణాంతకం కావచ్చు. అంటే పది కిలోల కుక్కకు ఒక గ్రాము. లెక్క వేస్తే అది 2.5 శాతం గుళికలు 40 గ్రాములు, దాదాపు ఒక గుప్పెడు. కుండీ పక్కన కుప్పగా పోసిన గుళికలను నాకేయడానికి కుక్కకు నిమిషం చాలు.

పక్షులు, ఉడుతలు, ముంగిసలు కూడా ఈ గుళికలను తిని చస్తాయి. బ్రిటన్‌లో పక్షులకూ ముళ్లపందులకూ జరుగుతున్న హాని కారణంగానే మెటాల్డిహైడ్‌ను ఆరుబయట వాడటాన్ని 2022 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. బ్రిటన్‌లో ఉన్న మన తెలుగువారి ఇళ్లలో పాత డబ్బాలు మిగిలి ఉంటే వాటిని చెత్తబుట్టలో వేయకుండా స్థానిక సంస్థ నడిపే ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి.

మరి ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు?

ఏరడంతో సరిపోనంతగా నత్తలుంటే, మందుల్లో తక్కువ హాని చేసేది ఇదే. దీన్ని తిన్న నత్త మేత మాని, నేలలోకి దూరి, కొన్ని రోజుల్లో చనిపోతుంది. పైన శవాలు కనిపించవు కాబట్టి మందు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ చల్లుతారు, అది తప్పు. తక్కువ హాని అంటే హాని లేదని కాదు. కుక్క డబ్బా మొత్తం తింటే ఇనుము ఎక్కువై కడుపుకూ కాలేయానికీ దెబ్బ తగులుతుంది. పలచగా, గుళికకూ గుళికకూ ఎడం ఉండేలా చల్లి, డబ్బాను తాళం వేసే అలమరలో పెట్టండి.

మా కుక్క గుళికలు తిన్నదేమో అనిపిస్తే?

గంట నుంచి మూడు గంటల లోపల లక్షణాలు మొదలవుతాయి. తెగ రొప్పడం, చొంగ కారడం, తూలడం, ఒళ్లంతా వణకడం, తర్వాత ఫిట్స్, దాంతోపాటు ఒళ్లు కాలిపోయేంత వేడి. మెటాల్డిహైడ్‌కు విరుగుడు మందు లేదు, వణుకునూ వేడినీ అదుపు చేస్తూ వైద్యం చేయాల్సిందే. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా, తిన్నదని అనుమానం రాగానే మందు డబ్బా చేత్తో పట్టుకుని పశువైద్యుడి దగ్గరకు బయలుదేరండి. డబ్బా మీది పేరు, శాతం డాక్టరుకు మీరు చెప్పే వంద మాటల కంటే ఎక్కువ పనికొస్తాయి. దారి తెలియకపోతే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రిని అడగవచ్చు.

మన ఇళ్లలో అలవాటుగా చేసే రెండు పనులు మాత్రం చేయవద్దు. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు పట్టడం ఒకటి, విషం విరుగుతుందని పాలో నూనో పోయడం రెండోది. ఉప్పు తానే విషమవుతుంది. వణుకుతున్న కుక్క నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గుడ్డు పెంకులు, బూడిద, రాగి టేపు పనిచేస్తాయా?

గుడ్డు పెంకుల గురించి నేనూ చాలాకాలం నమ్మాను. కుండీ చుట్టూ నలిపి చల్లిన పెంకుల మీద ఒక రాత్రి టార్చి వేసి చూస్తే, నత్త వాటిని దాటడమే కాదు, ఆగి తింటోంది. కాల్షియం కోసం గోడ గీకే ప్రాణికి అది విందు. 2018లో బ్రిటన్‌కు చెందిన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ జరిపిన పరీక్షలో కూడా పెంకులు, రాగి టేపు, గరుకు ఇసుక వంటి అడ్డంకులు పెట్టిన మొక్కలకూ పెట్టని మొక్కలకూ నష్టంలో తేడా కనిపించలేదు. బూడిద పొడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, వానాకాలంలో అది ఎంతసేపో మీకే తెలుసు. నేల మీద ఉప్పు చల్లితే మొక్క వేరు చస్తుంది. పొడి సున్నం కుక్క అరికాళ్లను, నాకినప్పుడు దాని నాలుకను కాలుస్తుంది.

మైలుతుత్తం, పొగాకు కషాయం సహజమైనవే కదా?

పొగాకు కషాయంలో ఉండేది నికోటిన్. అది నత్తకు విషమైనట్టే కుక్కకూ పిల్లికీ పిచ్చుకకూ విషం. ఆకు మీద తడిని నాకిన పిల్లికి కొద్ది మోతాదు చాలు. మైలుతుత్తం చేపలకూ కప్పలకూ చాలా ప్రమాదకరం, వాన నీటితో పాటు కలువల తొట్టిలోకో వీధి చివరి కుంటలోకో చేరుతుంది. తోటల యజమానులు ఎకరాల కొద్దీ పంటను కాపాడుకోవడానికి వీటిని వాడటం వేరు, పది కుండీల కోసం వాడటం వేరు. ఇంటి తోటకు వద్దు.

నత్తలను తినే జంతువును పెంచితే?

పెరట్లో బాతులుంటే చిన్న నత్తలను, గుడ్లను అవే చూసుకుంటాయి. జెముడుకాకి నత్తలను పగలగొట్టి తింటుంది. ఎర్రటి రెక్కలతో పొదల్లో నడుస్తూ గంభీరంగా కూసే ఆ పక్షి మీ తోటకు వస్తోందంటే అదృష్టమే, దానికోసం ఒక మూలన గుబురు పొదను కత్తిరించకుండా ఉంచండి. చాలామందికి తెలియని ఇంకో నేస్తం మిణుగురు. పిల్లదశలో అది నేల మీద తిరిగే వేటగాడు, నత్తలే దాని ఆహారం. నేలలో తేమ, రాలిన ఆకులు, రాత్రి చీకటి ఉన్న చోటే మిణుగురులు నిలుస్తాయి కాబట్టి తోటలో తెల్లవార్లూ వెలిగే లైటు అవసరమా అని ఒకసారి ఆలోచించండి.

బయటి నుంచి వేటజాతిని తెచ్చి వదలడం మాత్రం చేటు. ఆఫ్రికా నత్తను తింటుందని 1955లో హవాయిలోకి ఒక వేట నత్తను తెచ్చారు. తర్వాత అదే ఉద్దేశంతో పసిఫిక్ దీవులు కొన్నింటిలోనూ వదిలారు. అది పెద్ద నత్తను వదిలేసి, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని చిన్న చెట్టు నత్తల జాతులెన్నిటినో తుడిచిపెట్టింది.

లాన్‌లో తుంగ ఎంత పీకినా మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?

పైన ఆకు పట్టి పీకితే తుంగ తెగుతుంది, గడ్డ నేలలోనే ఉంటుంది. ఆయుర్వేద కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఈ గడ్డలే. సన్నని తీగలతో ఒకదానికొకటి గొలుసులా అతుక్కుని, ఎక్కువగా పై జానెడు మట్టిలోనే ఉంటాయి. ఒకటి తెగి మిగిలినా దాన్నుంచి కొత్త మొక్క లేస్తుంది. కాబట్టి నేల బాగా తడిసి ఉన్నప్పుడు సన్నని కుర్పీని మొక్క పక్కగా నిలువునా దింపి, మట్టిని వదులు చేసి, గొలుసుతో సహా మెల్లగా లాగాలి. కొత్తగా మొలిచిన తుంగ ఐదారు ఆకులు వేసేలోపే తీస్తే అది కొత్త గడ్డలు కట్టదు, పాత గడ్డలోని బలం ఖర్చవుతుంది. ప్రతి వారం ఇలా చేస్తే ఒక సీజనులో తేడా కనిపిస్తుంది. తీసిన గడ్డలను కంపోస్టులో వేయకండి, సిమెంటు నేల మీద ఎండకు కరకరలాడేలా ఎండనివ్వండి.

అసలు తుంగ బలపడేది నీళ్లు నిలిచే చోట, గడ్డి పలచబడిన చోట. రోజూ పైపైన తడపడం మాని, మూడు రోజులకోసారి లోతుగా తడపాలి. గడ్డిని బోడిగా గొరగకూడదు, నేలకు ఎండ తగిలితే కలుపు గింజ మొలుస్తుంది. కొత్తగా లాన్ వేయబోయేవారికి ఏప్రిల్, మే ఎండలే ఉచితంగా దొరికే కలుపు మందు. నేలను తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బిగువుగా పరిచి, అంచులు మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే కలుపు గింజల్లో చాలావరకు ఉడికిపోతాయి, పైపైన ఉన్న తుంగ గడ్డలు కూడా బలహీనపడతాయి.

వయ్యారిభామ?

పూత రాకముందే, తొడుగులు వేసుకుని, వేరుతో పీకాలి. దాని పుప్పొడి ఉబ్బసం తెస్తుంది, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు లేస్తాయి. ఆ పొదల్లో తిరిగే కుక్కలకు కూడా దురదలు వస్తాయి. మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు. దాని ఆకులు తినే చారల మెక్సికన్ పెంకు పురుగు మీకు కనిపిస్తే పురుగుమందు కొట్టకండి, కలుపును తినడానికే దాన్ని 1980లలో మన దేశానికి తెచ్చారు.

కలుపు మందు తప్పదనుకుంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదట డబ్బా మీద వజ్రం ఆకారంలోని గుర్తులో రంగు త్రికోణాన్ని చూడండి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఇది నోటి ద్వారా లేదా చర్మం ద్వారా వెంటనే కలిగే హానికి కొలమానమే తప్ప కప్పకు, చేపకు, తేనెటీగకు ఏమవుతుందో చెప్పదు. ఆకుపచ్చ త్రికోణం చూసి నిశ్చింతగా ఉండకూడదని దీని అర్థం.

పారాక్వాట్‌ను ఇంటి ఆవరణలోకి తేనేకూడదు, దానికి విరుగుడు లేదు. గ్లైఫోసేట్ గడ్డినీ కలుపునూ కలిపి చంపుతుంది కాబట్టి లాన్‌కు పనికిరాదు. అందులో కలిపే సబ్బువంటి పదార్థాలు కొన్ని కప్పలకూ తోకకప్పలకూ చేటు చేస్తాయి. పైగా దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వెడల్పాటి ఆకుల కలుపుకు వాడే 2,4-డి గాలికి కొట్టుకుపోయి పక్కింటి టమాటా, బొప్పాయి ఆకులను మెలిపెడుతుంది. కుక్కల మూత్రపిండాలు దాన్ని మనకంటే నెమ్మదిగా బయటికి పంపుతాయి. వైద్యానికో అలవాటుకో కుక్క, పిల్లి రెండూ గరిక నములుతాయన్నది మరిచిపోకండి. అందుచేత చల్లిన మందు పూర్తిగా ఆరేవరకు, వీలైతే మరుసటి రోజు వరకు వాటిని లాన్ మీదికి వదలకూడదు, డబ్బా మీద అంతకంటే ఎక్కువ గడువు రాసి ఉంటే అదే పాటించాలి. వాటి మేత గిన్నె, నీళ్ల గిన్నె, పక్షుల నీళ్ల తొట్టి ముందే లోపల పెట్టాలి. ఆ లాన్‌లో కోసిన గడ్డిని ఆవుకు వేయకూడదు, కంపోస్టులో కలపకూడదు. వాటర్ బాటిల్‌లో మందు పోసి ఉంచడం ఎంతటి అవసరమైనా చేయరాదు.

కలుపు, నత్తలు కాక తోటలో కుక్కకు ప్రమాదమైనది ఇంకేమైనా ఉందా?

ఉంది, దాని గురించి హెచ్చరించేవారు తక్కువ. అది ఆముదపు పిండి. సేంద్రియ ఎరువే కదా అని లాన్‌కూ గులాబీలకూ వేస్తారు. ఆముదపు గింజలో ఉండే రిసిన్ అనే విషం నూనెలోకి పోదు, పిండిలో మిగిలిపోతుంది. మా వీధిలో ఒకరు గులాబీల మొదట్లో పిండి వేసిన సాయంత్రమే వాళ్ల కుక్క ఆ మట్టిని తవ్వి తిన్నది. రాత్రి వాంతులు, తెల్లారేసరికి రక్త విరేచనాలు. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక గాని లేవలేదు. ఆ ఇంటివాళ్లకు తాము విషం వేశామన్న ఊహే లేదు. కుక్కలున్న ఇంట్లో వేపపిండి వాడండి. ఎముకల పొడి విషం కాదు గాని, వాసనకు కుక్క తవ్వి ముద్దలుగా మింగితే పేగులకు అడ్డుపడుతుంది.

కలుపంతా తీసేయాల్సిందేనా?

అక్కర్లేదు. పల్లేరును మాత్రం కాయ కట్టకముందే తీసేయండి, దాని ముళ్లు కుక్క పాదాల్లో దిగి కుంటుతుంది. గడ్డి చామంతి పూల మీద సీతాకోకచిలుకలు, చిన్న తేనెటీగలు పొద్దున్నే వాలుతాయి. పులిచింతాకు మీద ఒక చిన్న నీలి సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. లాన్ మధ్యలో వద్దనుకుంటే గోడ వెంట రెండడుగుల పట్టీ వీటికి వదిలి, ఆ పట్టీలో ఏ మందూ వేయకుండా ఉంచండి.

మేం మానేసినా పక్కింటివాళ్లు మందు చల్లుతున్నారు. ఏం చేయగలం?

నత్త గోడ దాటి వస్తుంది, మందు తిన్న పక్షి కూడా దాటి వస్తుంది. తొలకరికి ముందే కాలనీ సంఘం సమావేశంలో ఈ విషయం ఎత్తండి. వీధి మొత్తం ఒకే వారం రాత్రిపూట నత్తలు ఏరేలా మాట్లాడుకోండి. చల్లక తప్పదన్నవారిని కనీసం ముందు రోజు చెప్పమని అడగండి, ఆ రాత్రి మీ పిల్లిని లోపల పెట్టుకోవచ్చు.